మొదటి నవల ఆగిపోయినప్పుడు ఏం చేయాలి

నా మొదటి నవల పూర్తి కావడానికి నాలుగేళ్ల రెండు నెలలు పట్టింది. అందులో పెన్ను కదిలిన రోజులన్నీ కలిపితే పద్దెనిమిది నెలలు దాటవు. మిగతాదంతా ఆగిపోయి కూర్చున్న కాలమే. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు. ఆఫీసులో నాది అకౌంట్స్ సెక్షను, రాసిన ప్రతి పేజీ అంచున తేదీ వేసే అలవాటుంది. నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు ముందేసుకుంటే ఎక్కడ ఎన్ని రోజులు ఖాళీగా పోయాయో కళ్లకు కనిపిస్తుంది.

మా ఇల్లు రాంనగర్‌లో. నవలేమో చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో 1978 నుంచి 1991 దాకా సీసం అక్షరాలు చేత్తో పేర్చిన కంపోజిటర్ కథ. మా బాపు చేసింది ఆ పనే. పుస్తకం వచ్చాక ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ రాసేవాళ్లు కొందరు నన్ను కలిశారు. అందరి మాటా ఒకటే: "మేడం, ఎనభయ్యో పేజీ దాకా బాగానే వచ్చింది, ఆ తర్వాత కదలడం లేదు. నావల్ల కాదేమో." వాళ్లకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. కథ ఆగిన చోట మీకు తెలియాల్సింది ఏదో తెలియలేదు, లేకపోతే తెలిసింది ఏదో మీరు దాస్తున్నారు. నాకు జరిగినంతవరకు ఆగిపోయిన మూడుసార్లలో రెండుసార్లు కారణం ఈ రెంటిలో ఒకటి. వెతికితే దొరికింది.

వేళ, కాగితం

మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున ఐదింటికి. మొదట్లో రోజూ రాయాలని పట్టుబట్టాను. నల్లా రోజున సంపు నింపడం, బిందెలు పట్టడం, మోటరు వేయడం మధ్య నాలుగు వాక్యాలు కూడా సాగేవి కావు. ఆ రోజు రాయలేదన్న దిగులు మర్నాటికి కూడా పాకేది. మూడు వారాలకే విసుగొచ్చింది. అప్పుడు లెక్క మార్చుకున్నాను: నల్లా వచ్చిన రోజు రాత లేదు, రాని రోజు ఐదు నుంచి ఆరుంబావు దాకా రాత. వారానికి మూడు రోజులో నాలుగు రోజులో వస్తుంది, ఆ రోజు ఒక పేజీ. నా చేతిరాతలో పేజీకి నూట అరవై మాటల దాకా పడతాయి. మీ ఇంటి పద్ధతి ఏదైతే దానికే రాతను కట్టేయండి. రాత కోసం ఇంటిని మార్చబోతే ఇల్లే గెలుస్తుంది.

నోట్‌బుక్కులో కుడి పేజీ మీదే రాయండి. ఎడమ పేజీ వదిలేయండి. రాస్తుంటే వచ్చే సందేహాలన్నీ ఆ ఎడమ పేజీ మీదికి పోవాలి: "అప్పటికి ఈమెకు వయసెంత?", "ఈ వాన ఏ నెలలో?", "ప్రెస్సులో రాత్రిపూట లైటు ఎక్కడ ఉండేది?" సందేహం రాగానే లేచి వెతకబోతే ఆ తెల్లవారు అక్కడితో సరి. నెలాఖరు ఆదివారం ఎడమ పేజీలు మాత్రమే వరుసగా చదవండి. మీ నవలకు ఏం తక్కువైందో ఆ జాబితాయే చెప్తుంది. ఒకే సందేహం మూడు నాలుగు చోట్ల కనిపించిందంటే రేపో మాపో కథ ఆగేది అక్కడే.

ఏళ్ల పట్టిక

ఒక చార్టు తెచ్చి గోడకు అంటించండి. నిలువునా ఏళ్లు, అడ్డంగా మూడు గళ్లు: పాత్రల వయసు, ఇంట్లో జరిగింది, ఊళ్లో జరిగింది. నేను దీన్ని ఆలస్యంగా చేశాను, అందుకే చెప్తున్నాను.

మొదటి ప్రతిలో మా కంపోజిటర్ 1988లో ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద కూర్చుని నీళ్ల నడుమ నిలబడ్డ బుద్ధుణ్ణి చూస్తూ ఉంటాడు. ఆ పేరా నాకు ప్రాణం. ఆఫీసులో నా పక్క సీటు అక్క చదివి, "బుద్ధుడు అప్పటికి లేడు గదా" అంది. నిజమే. విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయింది 1990 మార్చిలో, కొందరి ప్రాణాలు కూడా పోయాయి. పైకి తీసింది 1992 డిసెంబరులో. 1988లో అక్కడ ఉన్నది నీళ్లే. కట్ట మీద వరుసగా ఉన్న మహనీయుల విగ్రహాలు మాత్రం అప్పటికే పెట్టారు. అందుకని అతణ్ణి వాటిలో ఒకదాని నీడకు మార్చాను.

ఆ తప్పు నాకు మేలే చేసింది. రెండేళ్లకు పైగా అంత పెద్ద విగ్రహం నీళ్ల అడుగున పడుకుని ఉందన్న సంగతి మనసులో పడింది. నా కంపోజిటర్ పని పోయేది 1991లో. పైకి ఏమీ కనిపించని ఆ నీళ్లను అతను చూస్తూ కూర్చునే అధ్యాయం నా పథకంలో లేనే లేదు. పట్టికలోంచి వచ్చింది.

ఏళ్లు సరిచూసుకోవడానికి హైదరాబాద్‌లో మనకు చాలా చోట్లున్నాయి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పాత పేపర్లు అడగండి. వార్తల కంటే ప్రకటనలు, సినిమా పేజీ, ధరలు చూడండి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కూడా ఉన్నాయి. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికలు దొరికితే బేరమాడకుండా తీసుకోండి. 1982 నాటి చీరల ప్రకటనలో ఉన్నంత సమాచారం ఏ చరిత్ర పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఏ తెలుగులో రాయాలి

దీని దగ్గర తొందరపడొద్దు. నేను ముప్పై పేజీలు పాడుచేసుకున్నది ఇక్కడే.

బడిలో నేర్చుకున్న తెలుగులో మొదలుపెట్టాను. "నువ్వు భోజనం చేశావా?" అని నవలలో తండ్రి కూతుర్ని అడుగుతాడు. రాసి, పైకి చదువుకుంటే ఎవరో పరాయి మనిషి మా ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టుంది. మాది సూర్యాపేట వైపు. మా బాపు జన్మలో అట్లా అడగలేదు. "తిన్నవా బిడ్డా?" అనేవాడు, అదీ చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండా. ఆ మూడక్షరాల మాట రాయగానే చెప్పులు విప్పడం కూడా దానంతటదే కాగితం మీదికి వచ్చింది. భాష సరిగ్గా పడితే మనిషి ఒళ్లు కూడా వస్తుంది. భాష తప్పితే నోరొక్కటే వస్తుంది.

తర్వాత మొత్తం కథనాన్నే మా ఊరి మాటలో రాద్దామని ఇంకో ఇరవై పేజీలు ప్రయత్నించాను. అదీ నిలవలేదు, ఎందుకంటే కథ చెప్పేది నగరంలో పుట్టి పెరిగిన కూతురు. ఆమె ఇంట్లో ఒక తీరు, ఆఫీసులో ఒక తీరు, రాసేటప్పుడు ఇంకో తీరు మాట్లాడే మనిషి. చివరికి కథనం ఆమె రాతలో, మాటలు ఎవరివి వాళ్ల నోటివి అని నిర్ణయించాను. మీ నవలలో చెప్పేవాళ్లు వేరైతే నిర్ణయం కూడా వేరవుతుంది. ఎవరు చెప్తున్నారో తేలకుండా ఏ యాసలో రాయాలన్నది తేలదు.

ఒక కసరత్తు చేయండి. ఒకే సంగతిని ముఖ్యమైన పాత్రలందరి చేత చెప్పించండి. ఫారం (ఒక కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలు) రేపటికి కావాలన్న విషయం మీద నా ప్రెస్సులో ఇలా నడిచింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన యజమాని: "ఏవయ్యా, ఇది రేపటికల్లా అయిపోవాలి మరి." మా కంపోజిటర్: "రేపటికి కాదు సారూ, ఎల్లుండి పొద్దుగాల ఇస్త." పాతబస్తీ నుంచి వచ్చే మిషన్‌మన్: "మిషన్ ఖరాబుంది సాబ్, కల్ తక్ నై హోతా." మూడు వాక్యాలు రాసేసరికి ముగ్గురి మధ్య ఎవరికి ఎవరంటే భయమో, ఎవరికి లేదో తెలిసిపోయింది. ఇలా ఒక్కో పాత్రకు ఒక కాగితం పెట్టి, ఆ మనిషి నోట మాత్రమే వచ్చే పది మాటలు రాసుకోండి. పది దొరకకపోతే ఆ పాత్ర ఇంకా మీకు పరిచయం కాలేదు.

చేతులు తెలియక ఆగిపోవడం

ఏడో అధ్యాయంలో కంపోజిటర్ తన పెద్దబిడ్డ పెళ్లి శుభలేఖను రాత్రి పని అయిపోయాక, ఎవరికీ చెప్పకుండా ప్రెస్సులో తానే కంపోజ్ చేసుకుంటాడు. మొదలుపెట్టేముందు ఎంత సంబరమో! "అతను అక్షరాలు పేరుస్తున్నాడు" అని రాశాను. ఆ తర్వాతి వాక్యం నలభై రోజులు రాలేదు.

మనసు బాగాలేదనుకున్నాను, ఆఫీసులో మార్చి నెల పననుకున్నాను. ఎడమ పేజీలు తిరగేస్తే తెలిసింది: "స్టిక్కు ఎలా పట్టుకుంటారు?" అని ఐదు చోట్ల రాసి ఉంది. స్టిక్కంటే అక్షరాలు పేర్చుకోవడానికి చేతిలో పట్టుకునే చిన్న లోహపు తట్ట. కంపోజిటర్ బిడ్డనే, బాపు వేళ్లకంటిన నల్లని సీసం మరక తెలుసు, చొక్కా వాసన తెలుసు. ఆ చేతులు ఏం చేసేవో తెలియదు. అడుగుదామంటే బాపు లేడు.

బాపుతో కలిసి పనిచేసిన పెద్దమనిషి ఒకాయన ముషీరాబాద్‌లో ఉన్నాడని అమ్మ చెప్పింది. ఎనభై దాటాయి. డజను బత్తాయిలు పట్టుకుని వెళ్లాను. "కాకా, స్టిక్కు ఎట్ల పట్టుకుంటరో చూపిస్తవా?" అన్నాను. ఇంట్లో స్టిక్కు ఎక్కడుంది? మనవడి బడి సంచిలోంచి స్టీలు స్కేలు తీసుకున్నాడు, స్టవ్వు పక్కనున్న అగ్గిపెట్టె తెప్పించాడు. ఎడమ అరచేతిలో స్కేలు అడ్డంగా పెట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అగ్గిపుల్లనూ తీసి నిలబెడుతూ పోయాడు. ఎడమ బొటనవేలు ఎప్పటికప్పుడు చివరి పుల్లను ఆనుకుని జరుగుతూ ఉంది. కళ్లు చేతి మీద లేవు, ముందున్న గోడ మీద, అక్షరాల గళ్లపెట్టె, అదే కేసు, ఉండాల్సిన చోట ఉన్నాయి. కుడిచెయ్యి గాలిలో ఒక్కో పుల్లకు ఒక్కో వైపు పోతోంది, 'క' గడికి ఒక దిక్కు, వత్తు గడికి ఒక దిక్కు. పుల్లలన్నీ ఒకే అగ్గిపెట్టెలో ఉన్నాయన్న సంగతి ఆ చేతికి తెలియదు.

"బొటనవేలు తీసినవంటే లైనంత కూలుతది," అన్నాడు.

స్టిక్కులో అక్షరాలు ఎడమ నుంచి కుడికే, కానీ తలకిందులుగా ఉంటాయి. "తలకిందుల అక్షరాలు ఎట్ల చదువుతరు కాకా?" అని అడిగాను. "చదవం బిడ్డా, చూస్తం. చదివితే తప్పు దొరకది."

ఇంకొకటి కూడా చెప్పాడు. అచ్చయ్యాక సీసం అక్షరాలన్నీ కడిగి, విడదీసి, మళ్లీ ఎక్కడివక్కడ గళ్లలో వేయాలి. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిపి గళ్లు వందల్లో ఉంటాయి. అంటే నా కంపోజిటర్ రాత్రికి రాత్రే శుభలేఖ వేసుకుంటే, తెల్లవారేలోగా బిడ్డ పేరును అక్షరం అక్షరంగా విడదీసి గళ్లలో వేసేయాలి. లేకపోతే పొద్దున యజమానికి దొరికిపోతాడు. ఆ అధ్యాయానికి ముగింపు నాకు అక్కడ, కాకా మంచం పక్కన దొరికింది. ఇంటికొచ్చి ఆరు తెల్లవారుల్లో రాసేశాను.

కాబట్టి మీ పాత్ర చేసే పని మీ చేతులకు తెలియకపోతే, తెలిసిన చేతుల దగ్గరికి వెళ్లండి. వెళ్లి "మీ జీవితం గురించి చెప్పండి" అనొద్దు, ఎవరూ చెప్పలేరు. "ఇది ఎట్లా చేస్తారో చూపించండి" అనండి. చేతులు కదిలితే మాటలు వాటి వెంట వస్తాయి. మొదటిసారి ఫోనులో రికార్డింగు పెట్టొద్దు, మనిషి బిగుసుకుపోతారు. ఆ రాత్రే కూర్చుని గుర్తున్నదంతా రాసి, మిగిలిన సందేహాలతో రెండోసారి వెళ్లండి. తాళాలు బాగుచేసే మనిషైనా, ఆపరేషన్ థియేటర్ నర్సైనా, మెట్రో నడిపే అమ్మాయైనా పద్ధతి ఇదే.

దాచిపెట్టడం వల్ల ఆగిపోవడం

రెండోసారి ఐదు నెలలు ఆగింది. దీన్ని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే ఈసారి చేయి ఆగలేదు. పేజీలు వస్తూనే ఉన్నాయి, ఏ పేజీకీ ప్రాణం లేదు. రాయడం, చించడం, మళ్లీ రాయడం.

పద్నాలుగో అధ్యాయంలో ప్రెస్సుకు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కట్టే పద్ధతి, వస్తుంది. కేసులు తీసేస్తారు. కంపోజిటర్‌కు పని పోతుంది. నేను రాసిన ప్రకారం అతను వారం తిరక్కుండానే ఎస్టీడీ బూత్ పెట్టుకుని ధైర్యంగా బతుకుతాడు. మా బాపు బూత్ పెట్టింది నిజమే. కానీ వారానికి కాదు, ఏడాదికి పైనే పట్టింది. ఆ ఏడాది గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. అప్పుడు నాకు పదిహేనేళ్లు. పని పోయిందని మాకు ఎవరూ చెప్పలేదు. బాపు రోజూ ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. ఆయన అబద్ధం ఆడాడని రాయడానికి నాకు చేతులు రాలేదు. అందుకే పాత్రను వారంలో నిలబెట్టేశాను.

ఒక ఆదివారం చిక్కుళ్లు వలుస్తూ అమ్మను అడిగేశాను, బాపు ఆ ఏడాదంతా ఎక్కడికి వెళ్లేవాడని. అమ్మ చెయ్యి ఆపలేదు.

"అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి. చిక్కడపల్లిల లైబ్రరీ ఉన్నది గాని, ఆడ ప్రెస్సోళ్లు సూస్తరని పోలే. పేపర్లు ముందటేసుకొని తప్పులెన్ని పోయినయో లెక్కవెట్టేటోడట."

"నీకెట్ల తెలుసమ్మా?"

"రెండో నెలలనే తెలిసింది. మీ మ్యానమామ సూసిండు."

"తెలిసి కూడ రోజూ డబ్బ కట్టినవా?"

"తెలిసినట్టు కనవడితే ఆయన ఏడికి వోతడు బిడ్డా?"

పాత పేపర్ల కోసం అదే లైబ్రరీకి అంతకు ముందు ఏడాది నేను పదిసార్లైనా వెళ్లాను. అదే హాల్లో కూర్చున్నాను.

రాయొచ్చా అని అడిగాను. "రాయి. దొంగతనం చేసిండా ఏమన్ననా?" అంది. రాసింది రాసినట్టు ఆమెకు చదివి వినిపించాను. గాజుల సంగతి ఒక్కటి తీసేయమంది, తీసేశాను. దానివల్ల నవలకేమీ తగ్గలేదు. ఇప్పుడు చదివినవాళ్లు అందరికంటే ఎక్కువగా చెప్పేది ఆ డబ్బా కట్టిన ఇల్లాలి గురించే. మొదటి ప్రతిలో ఆమెకు నేనిచ్చింది నాలుగు మాటలు.

మీకూ ఇలా జరుగుతుంటే, వరుసగా వాయిదా వేస్తున్న సన్నివేశం ఏదో, మీ పాత్ర ఏ గండాన్ని మరీ తేలిగ్గా దాటేసిందో చూడండి. మీరు ఎవర్ని కాపాడుతున్నారో తెలుస్తుంది. ఆ మనుషులు బతికుంటే అడగండి, వినిపించండి. ఊరు, వృత్తి, బంధుత్వం మార్చి మనిషిని పోల్చుకోలేకుండా చేయడం కూడా మన బాధ్యతే. వాళ్లు వద్దన్నది తీసేయడానికి సిద్ధపడండి. అయితే వాళ్లను అడగకుండానే మీ అంతట మీరు భయపడి తీసేయకండి.

మూడోసారి ఆగింది పాత్రలు ఎక్కువై. మేనత్త కొడుకు ఒకణ్ణి పూర్తిగా తీసేస్తే కదిలింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఎగిసిపడే రోజులు

ఇవి కూడా వస్తాయి, వచ్చినప్పుడు తనివితీరా రాయండి. ఒక బోనాల ఆదివారం ఇంటి నిండా చుట్టాలున్నా, మేడ మీద గదిలో తలుపేసుకుని ఒక్క రోజులో తొమ్మిది పేజీలు రాశాను. కింద డప్పులు, పైన నేను. అంతటి సంతోషం ఆ నాలుగేళ్లలో మళ్లీ రెండుసార్లే వచ్చింది.

అయితే తేదీలు వేసుకున్నాను కనుక చెప్పగలను: దిద్దేటప్పుడు ఆ తొమ్మిదిలో మిగిలినవి నాలుగు. జ్వరంతో, ఏడుపుమొహంతో రాసిన పేజీల్లో కూడా దాదాపు అంతే పాలు మిగిలింది. కాబట్టి బాగా వచ్చిన రోజును చూసి నవల గట్టెక్కిందనుకోవద్దు, రాని రోజును చూసి మునిగిందనుకోవద్దు. ఆ రోజు ఎలా గడిచిందన్నదాన్ని బట్టి పేజీకి విలువ కట్టకండి. మూడు నెలలు ఆగి చదవండి, అప్పుడు తెలుస్తుంది.

దిద్దడం, చదివించడం

నోట్‌బుక్కుల్లోంచి లాప్‌టాప్‌లోకి ఎక్కించడాన్ని టైపింగ్ పనిగా చూసి ఎవరికో ఇచ్చేయకండి. రెండో ప్రతి తయారయ్యేది అప్పుడే. టైపు చేయడానికి బద్ధకం వేసిన పేరా చదవడానికి కూడా బద్ధకమే. నేను అలాంటివి దాటేస్తూ పోయాను, చివరికి చూస్తే వాటి అవసరం పడలేదు. మొదటి అధ్యాయం మొత్తం పోయింది. దాదాపు ప్రతి మొదటి నవలలోనూ మొదటి అధ్యాయం రాసినవాళ్లు దారి వెతుక్కోవడానికి రాసుకున్నదే అని నా నమ్మకం.

చదివే ఇద్దరు చాలు. ఒకరు బాగా పుస్తకాలు చదివేవాళ్లు, ఇంకొకరు ఆ పని తెలిసినవాళ్లు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "ఎక్కడ పక్కన పెట్టి లేచారు?" బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ఏ పేజీ దగ్గర టీకి లేచారో మాత్రం నిజం చెప్తారు.

అచ్చుకు వెళ్లేటప్పుడు

ఒక ప్రచురణకర్త నా రాతప్రతిని పదకొండు నెలలు ఉంచుకుని ఔననీ కాదనీ చెప్పలేదు. ఆ పదకొండు నెలలూ నేను ఇంకెవరికీ పంపలేదు. మీరు పంపేటప్పుడు ఉత్తరంలోనే "మూడు నెలల్లో మీ జవాబు రాకపోతే వేరేవారికి పంపుకుంటాను" అని రాయండి, తేదీ వేయండి. అన్ని హక్కులూ ఇచ్చేయమనే కాగితం మీద తొందరపడి సంతకం చేయొద్దు. మన దేశంలో కాపీరైటు రాసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా రాసిన నాటినుంచే అది మీది.

సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) మీరే తీసుకోవచ్చు. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇస్తారు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

పేజీల లెక్క ముందే చూసుకోండి. ఆఫ్‌సెట్‌లో ఫారానికి 16 పేజీలు. నా పుస్తకం పేజీలు కట్టాక 211 వచ్చింది. 208కి తగ్గిస్తే సరిగ్గా పదమూడు ఫారాలు, లేదంటే ఇంకో సగం ఫారం వేసి 216 చేయాలి, చివర ఖాళీలు మిగులుతాయి. మూడు పేజీలు తగ్గించాను. ఆ కోత పదకొండో అధ్యాయానికి ఎంతో మేలు చేసింది.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను ఏడిపించిన సంగతి. మీరు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే తెలుగు అక్షరాల్లో టైపు చేసి ఇస్తారు. మన డీటీపీ సెంటర్లలో చాలామంది దాన్ని 'అను' అనే పాత తరహా ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కడతారు. ఆ మార్పులో అక్షరాలు దెబ్బతింటాయి. ముఖ్యంగా ఇంగ్లిషు మాటల మధ్య పొల్లు. 'మిషన్‌మన్' అని కొట్టింది 'మిషన్మన్' అయి, 'న'కు 'మ' వత్తు పడి కూర్చుంటుంది. ప్రెస్సు కథ కదా, నా పుస్తకంలో అలాంటి మాటలు వందల్లో ఉన్నాయి. ప్రూఫు (దిద్దడానికి ఇచ్చే నమూనా ప్రతి) రాగానే ముందు ఇంగ్లిషు మాటలన్నిటి జాబితా పెట్టుకుని ఒక్కొక్కటీ వెతకండి. యూనికోడ్‌లోనే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టేవాళ్లు దొరికితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, నాలుగు రూపాయలు ఎక్కువైనా వాళ్ల దగ్గరికే వెళ్లండి.

ప్రూఫు మూడుసార్లు చూడాలి. రెండోసారి చివరి పేజీ నుంచి వెనక్కి చూడండి, కథ మిమ్మల్ని లాక్కుపోకుండా. అట్ట వెనక మాటలు, అంకితం పేజీ, పేజీల నెత్తిన వచ్చే పుస్తకం పేరు కూడా ప్రూఫులో భాగమే. వాటిని చూడటం అందరూ మర్చిపోతారు.

ఐదువందల కాపీలు వేశాను. మొదటి కట్ట విప్పి ఒక కాపీ ముషీరాబాద్ తీసుకెళ్లాను. కాకా అట్ట చూడలేదు, పేరు చూడలేదు. మధ్యలో ఒక కాగితం తిప్పి, వెనకవైపు వేలితో తడిమాడు. సీసం అచ్చయితే కాగితం వెనక అక్షరం వేలికి తగిలేది. "నున్నగుంది," అన్నాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. పేజీ వెంట పేజీ, ఎక్కడా ఆగకుండా తిప్పుతున్నాడు. నలభై మూడో పేజీ దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఈడ 'కేసు'కు బదులు 'కోసు' వడ్డది సూడు."

మూడు ప్రూఫుల్లో నేను చూడలేదు, చదివిన ఇద్దరూ చూడలేదు. మీరూ ఒక కాపీని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టుకోండి. దాని అట్ట మీద 'సవరణల ప్రతి' అని రాసి, దొరికిన ప్రతి తప్పునూ ఎర్రసిరాతో అందులోనే దిద్దండి, రెండో ముద్రణకు అదే ఇవ్వాలి. నా దాంట్లో ఇప్పటికి పదకొండు ఉన్నాయి. వాటిలో ఏడు కాకా పట్టుకున్నవే.